మూత మీది ‘క’

బజారు రోడ్డు మీద ముప్ఫైమూడేళ్ళుగా తెల్లగీతలు గీస్తున్న మనిషిని ఆ పేటలో అందరూ గీతలాయన అంటారు. అసలు పేరు ఆఫీసు కాగితాలలో ఉన్నది. అది పిలవడానికి పనికివచ్చే పేరు కాదని ఆయన ఇల్లాలి అభిప్రాయం. నుదుటి మీద గీతలు గీసేవాడు ఎవరికీ కనబడడు గాని, రోడ్డు మీద గీతలు గీసేవాణ్ణి తెల్లవారుజామున లేచిన ఎవరైనా చూడవచ్చు. మోకాళ్ళకు గోనెగుడ్డ చుట్టుకొని, సుద్ద పూసిన తాడును ఈ మేకుకూ ఆ మేకుకూ బిగించి, నడుమ రెండు వేళ్ళతో పట్టి లాగి వదులుతాడు. తాడు టప్పుమంటుంది. నల్లని తారు మీద వెంట్రుకవాసి వంకరలేని జాడ పడుతుంది. ఇక ఆ జాడ వెంట రంగు రోలరు ధ్యానంలో ఉన్నవాడి ఊపిరిలాగా సాగిపోతుంది.

రోడ్డు మీద రాయడం గోడ మీద రాయడం వంటిది కాదు. గోడ నిలబడి చదివిస్తుంది, రోడ్డు పడుకొని చదివిస్తుంది. బండిలో కూర్చున్నవాడి కంటికి నేల మీది అక్షరం కుదించుకుపోతుంది గనుక దానిని నిలువునా మూడింతలు సాగదీసి రాయాలి. పక్కన నిలబడి చూసేవారికి అది వికారంగానే కనబడుతుంది. ఆ సంగతి ఎరిగిన గీతలాయన అక్షరం పూర్తికాగానే ఒక ముక్కాలిపీట చంకన పెట్టుకొని నలభై అడుగులు వెనక్కి నడిచి, పీట వేసుకొని, డ్రైవరు కన్ను ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున తన కన్ను నిలిపి చూస్తాడు. అక్కడినుంచి సున్న గుండ్రంగా ఉంటేనే సున్న. లేకపోతే మళ్ళీ మోకాళ్ళ మీదికి.

“అదేం సున్నరా? సొరకాయలా ఉంది,” అని ఒకసారి వాళ్ళ అక్కయ్య కిటికీలోంచి కేకవేసింది.

“నలభై అడుగులు వెనక్కి వెళ్ళి చూడు అక్కా.”

“నాలుగు అడుగులు వెనక్కి వేస్తే గోడ తగులుతోంది. నా ఇంటికి సరిపోయేలా రాయి.”

ఈ అక్కయ్య ఆయనకంటే పన్నెండేళ్ళు పెద్దది. పలక పట్టించి అక్షరాలు దిద్దించినది ఆమే. చిన్నతనంలో ఆయన ‘క’ రాసినప్పుడల్లా తలకట్టు మరిచిపోయేవాడు. ఆమె చెవి పట్టుకొని, “తల లేనిది దీనికా, నీకా?” అని అడిగేది. నలభై ఏళ్ళు బడిపిల్లల చొక్కాలు కుట్టి, ఆ చొక్కాలకు బొత్తాలు వేసి, ఇప్పుడు డెబ్బయ్యో ఏట కిటికీ దగ్గర తీరికగా కూర్చుంటున్నది. కన్ను చురుకు, నాలుక అంతకంటే చురుకు, కుడిమోకాలు మాత్రం మొరాయించింది.

తమ్ముడి ఇల్లు ఆమె ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. నడుమ పద్నాలుగు మీటర్ల రోడ్డు. ఆమె నడకకు అది ముప్ఫై ఆరు అడుగులు. ఛందస్సు తెలిసినవారి మాటలో చెప్పాలంటే ఆ అడుగులన్నీ గురువులే, లఘువు ఒక్కటీ లేదు. ఒక్కొక్క అడుగుకూ రెండు మాత్రల కాలం పడుతుంది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే బండ్ల మధ్య అంతటి విలంబితగతికి చోటెక్కడిది? తొమ్మిదేళ్ళయింది ఆమె ఆ రోడ్డు నడిచి దాటి. తమ్ముడి ఇంటికి రావాలంటే తన గుమ్మం ముందు బస్సెక్కి, మూడు స్టాపుల అవతల కూడలిలో దిగి, అటునుంచి వచ్చే మరొక బస్సు పట్టుకొని ఎదుటి గట్టున దిగాలి. పద్నాలుగు మీటర్లకు రెండు బస్సులు. తక్కిన రోజులలో అక్కాతమ్ముళ్ళు ఎదురెదురు కిటికీలలో నిలబడి, ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటూ ఫోనులో మాట్లాడుకునేవారు.

అటువంటి రోజులలో ఆ రోడ్డు విషయంలో ఒక నిర్ణయానికి సమయం వచ్చింది. రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, వేగం ముప్ఫైకి తగ్గించి మనుషులను దాటనివ్వడం. రెండోది, రోడ్డు నడుమ నడుమెత్తు ఇనుపకంచె కట్టి, బండ్లను యాభైలోనే వదిలి, మనుషులు దాటకుండా చేయడం. ముందు నెల రోజులు ముప్ఫై పెట్టి చూద్దామన్నారు. నెలాఖరున ఆఫీసునుంచి ఇంజినీరమ్మ వేగం కొలిచే యంత్రం పట్టుకొని వచ్చి కొలిచినప్పుడు, వంద బండ్లకు ఎనభై అయిదు ముప్ఫై లోపల నడిస్తే ముప్ఫై ఖాయం. లేకపోతే కంచె.

ఆ వార్త విన్ననాడు అక్కయ్య తమ్ముడికి ఫోను చేసింది. “యాభైలో పోయేవాడికి నా చీర రంగు కనబడుతుందిరా. ముప్ఫైలో పోయేవాడికి నా మొహం కనబడుతుంది. మొహం చూసినవాడు ఆగకుండా ఉంటాడా?” అన్నది. మళ్ళీ, “కంచె కడితే ఇక నాకు ఎప్పటికీ రెండు బస్సులే. మోకాలు బస్సు మెట్టు కూడా ఎక్కనన్ననాడు నీ ఇల్లు నాకు చూసే ఇల్లే గాని వచ్చే ఇల్లు కాదు,” అన్నది.

రోడ్డు మీద ముప్ఫై అంకె, దానితోపాటు ఒక హెచ్చరిక రాసే పని గీతలాయనకే వచ్చింది. హెచ్చరిక కాగితం మీద ముద్రపడి వచ్చింది: ‘వేగంగా పోకండి’. ఆయన దానిని రెండుసార్లు చదువుకొని ఇంజినీరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఆయన కూతురి వయసుది. ఎప్పుడూ కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఉంటుంది.

“అమ్మా, ఈ మాట వద్దు. ‘మెల్లగా వెళ్ళండి’ అందాం.”

“రెండూ ఒకటే కదండీ?”

“కాదమ్మా. ఇందులో వద్దనే ప్రాణమంతా ఒక్క ‘క’లో ఉంది. రోడ్డు మీద అక్షరం అరుగుతుంది. ‘మెల్లగా’లో ఏది అరిగినా అర్థం మిగులుతుంది. ఇందులో ఆ ఒక్కటి అరిగితే మాటే తిరగబడుతుంది.”

“మీరు రాసింది నెలకే అరుగుతుందా?” అని నవ్వింది ఇంజినీరమ్మ. “పైనుంచి వచ్చిన మాట. మార్చడానికి లేదు. రాసెయ్యండి.”

ఆయన రాశాడు. అక్కయ్య ఇంటివైపు బండ్లు పోయే వరుసలో ఏ ఇబ్బందీ రాలేదు. తన ఇంటివైపు వరుసలో మాత్రం, తాడు వేసి కొలిస్తే, ‘పో’కూ ‘డి’కీ నడుమ సరిగ్గా మురుగుకాలువ ఇనుపమూత వచ్చింది. గుండ్రని మూత, గుండ్రని అక్షరం. గీతలాయన దానిని దైవానుగ్రహంగానే భావించాడు. మూతను వైరు బ్రష్షుతో రుద్ది, కడిగి, దాని మీద నిండుగా, తలకట్టుతో సహా, ‘క’ దిద్దాడు. పక్కన సున్న తారు మీద పడింది. పీట వేసుకొని చూస్తే మాట ముత్యాలపేరులా ఉంది.

నెల సుఖంగా గడిచింది. బండ్లు మొదట విసుక్కున్నాయి, తరువాత అలవాటుపడ్డాయి. అక్కయ్య రోజూ సాయంత్రం గుమ్మం దాకా వచ్చి, చేతికర్ర ఆనించుకొని నిలబడి, మనసులోనే ముప్ఫై ఆరు అడుగులు వేసి చూసుకొనేది. “ఇరవయ్యో అడుగు దాకా వచ్చానే అమ్మాయ్,” అని మరదలికి ఫోను చేసేది.

“తొందరేం లేదు వదినా. తొమ్మిదేళ్ళుగా మీ నోరు రోజూ ఈ ఇంట్లో లేక నా చెవులు హాయిగానే ఉన్నాయి,” అనేది మరదలు.

“వస్తున్నా ఉండు. వచ్చి నీ వంటింట్లోనే కూర్చుంటా.”

అక్షరమంటే క్షరం కానిది, నశించనిది అని పెద్దల నిర్వచనం. అయితే నశించకపోయినా వలసపోవచ్చునని ఎవరూ చెప్పలేదు. కొలత రేపనగా ఆ మధ్యాహ్నం కాలువ శుభ్రం చేసేవారు వచ్చారు. రోడ్డు మీది మూత ఎత్తారు, అక్కయ్య గుమ్మం ముందున్న మూతా ఎత్తారు. పని ముగించి రెండూ మూశారు. రెండు మూతలూ ఒకే కొలతవి. ఏది ఎక్కడిదో చూసే అవసరం వారికేమి?

మరునాడు పొద్దున తొమ్మిదిన్నరకు గీతలాయన ఫోను మోగింది.

“ఒరేయ్, నీ ‘క’ నా గుమ్మం ముందు ఏం చేస్తోందిరా?”

“ఏ ‘క’ అక్కా?”

“నేను చెవి మెలిపెట్టి నేర్పిన ‘క’. ఇదిగో, నా చెప్పుల పక్కన పడుకొని ఉంది. నీ రోడ్డు ఏమంటోందో బయటికి వచ్చి చదువుకో.”

ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికి పరుగెత్తాడు. రోడ్డు మీద, మూడింతలు సాగిన తెల్లని అక్షరాలలో, నలభై అడుగుల దూరానికి కూడా స్పష్టంగా, ‘వేగంగా పోండి’ అని ఉంది. మనం చెప్పిన మంచి ఎవరూ వినరు గాని పొరపాటున చెప్పినది మాత్రం వెంటనే వింటారు. బండ్లు ఆజ్ఞ శిరసావహించి ఎగిరిపోతున్నాయి. మూల మీద ట్రాఫిక్ కానిస్టేబులు ఒక స్కూటరువాణ్ణి ఆపి నిలబెట్టాడు.

“ముప్ఫై అని బోర్డు కనబడలేదా?”

“కనబడింది సార్. బోర్డు వద్దంది, రోడ్డు పొమ్మంది. నేను రోడ్డు మీద పోతున్నానా, బోర్డు మీద పోతున్నానా?”

కానిస్టేబులు వంగి రోడ్డు చదివాడు. మళ్ళీ చదివాడు. స్కూటరువాణ్ణి వదిలేసి, గీతలాయన వైపు తిరిగి, “ఏమిటండీ ఇది? మీరే రాసి, మీరే పొమ్మంటే నేను ఎవణ్ణి పట్టుకోను?” అన్నాడు.

గీతలాయన ‘క’ చోటికి వలస వచ్చిన మూత దగ్గర మోకరిల్లి వేలితో రుద్ది చూశాడు. వేలికి నూనె, మడ్డి. ఏళ్ళ తరబడి కడగని మూత అది. కడిగి ఆరబెట్టాలంటే పూట పడుతుంది. దాని మీద రంగు నిలవదు. మూతలు మార్చాలంటే కాలువవారూ, వారి ఇనుపకొక్కేలూ కావాలి. ఇంజినీరమ్మ పది గంటలకు వస్తుంది. ఆయనకు కంచె కళ్ళముందు కనబడింది. దాని వెనక, ఎదుటి గుమ్మంలో, చేతికర్రతో నిలబడిన మనిషీ కనబడింది.

“ఈ వరుస ఒక్కటి అరగంట ఆపగలవా?” అని కానిస్టేబులును అడిగాడు.

“ఇరవై నిమిషాలు. ఇరవై ఒకటో నిమిషానికి నన్ను బదిలీ చేస్తారు.”

వరుసకు అడ్డంగా దారి మూసే ఎర్ర శంకువులు నిలబడ్డాయి. ఇల్లాలు లోపలినుంచి రంగు డబ్బాలు రెండు చేతులా మోసుకువచ్చింది. “మీకు చిన్నప్పుడు ‘క’ గుణింతం రాదని మీ అక్క పెళ్ళిచూపుల్లోనే చెప్పి ఉండాల్సింది,” అన్నది. ఆయన నల్లరంగు రోలరుతో పాత మాటను ఆ చివరినుంచి ఈ చివరి దాకా కప్పేశాడు. తడి నలుపు మీద తెలుపు ఆగదు గనుక, పది అడుగులు ఇవతల, మూత అడ్డంలేని శుభ్రమైన తారు చూసుకొని, తాడు వేసుకొని, తెల్లరంగు కలిపి కూర్చున్నాడు. ఈసారి ‘మెల్లగా వెళ్ళండి’ అనే రాయాలని ఆయన నిశ్చయం. ఎవరేమన్నా సరే.

అప్పుడు ఎదుటి గట్టు మీద కానిస్టేబులు గొంతు వినబడింది. “రండి పెద్దమ్మా, రండి. అటువైపు ఎలాగూ ఆపాను. ఇటుపక్క కూడా ఆపుతా. ఇప్పుడే దాటెయ్యండి.”

అక్కయ్య గుమ్మం దిగి, వలస వచ్చిన ‘క’ మీద నిలబడి ఉన్నది.

“ఆపితే దాటేది ఏముంది నాయనా? నువ్వు ఆపితే ఎవరైనా దాటతారు. రేపు నువ్వు ఉండవు. ఎల్లుండి ఉండవు. నడిచే రోడ్డు నన్ను చూసి తనంతట తాను తగ్గినప్పుడు దాటతాను. అప్పటిదాకా ఇక్కడే నిలబడతాను.”

గీతలాయన చేతిలో కుంచె ఆగింది. తల ఎత్తి ఆమెను చూశాడు, తల దించి తారును చూశాడు. ముప్ఫైమూడేళ్ళలో ఆఫీసు కాగితం మీద లేని మాటను ఆయన చెయ్యి ఎన్నడూ రాయలేదు. ఆనాడు రాసింది. ముందు ‘అ’ వంపు తిరిగింది. తరువాత ‘క’, దాని కింద మరొక ‘క’ వత్తుగా ఒదిగింది. పోయినది ఒక్క ‘క’, తిరిగివచ్చినవి రెండు.

“తలకట్టు పెట్టావా?” అని ఎదుటి గట్టునుంచి ప్రశ్న.

“పెట్టానక్కా.”

“ఏం రాస్తున్నావురా?”

“నిన్నే.”

పదిహేడో నిమిషానికి మాట పూర్తయింది. ఆయన పీట చంకన పెట్టుకొని నలభై అడుగులు వెనక్కి నడిచి, కూర్చొని చూశాడు. ఎదుటి నల్లని తారు మీద తెల్లగా, సూటిగా, ‘అక్క దాటుతుంది’ అని ఉంది.

మన భాషలో ఆ క్రియకు ఒక సౌందర్యం ఉన్నది. ఎప్పుడూ జరిగే ధర్మాన్నీ, ఇక జరగబోయే పనినీ అది ఒకే రూపంలో చెబుతుంది. అక్క రోజూ దాటుతుంది. అక్క దాటబోతుంది. వ్యాకరణం చదవని గీతలాయన ఆ రెండు అర్థాలనూ ఎరిగే రాశాడు.

పది గంటలకు ఇంజినీరమ్మ గొడుగూ, యంత్రమూ పట్టుకొని దిగింది. రోడ్డు చదివి కళ్ళజోడు పైకి తోసుకుంది.

“ఇది నా కాగితంలో లేదే?”

“లేదమ్మా. మీ కాగితంలో ఉన్నది ఎదుటింటి గుమ్మంలో ఉంది. రండి చూపిస్తాను.”

మూత మీద ఒంటరిగా నిగనిగలాడుతున్న ‘క’ను చూసి, జరిగినదంతా విని, ఆ పిల్ల కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకొనేంతగా నవ్వింది. “మీరు ముందే చెప్పారు. నేనే వినలేదు,” అన్నది. నవ్వు ఆగాక, “కొలతలో మాత్రం మొహమాటం ఉండదండీ. ఎనభై అయిదు రాకపోతే నేను చేయగలిగింది లేదు. ఇంకొకటి. పైవాళ్ళు ఎవరి అక్క అని అడిగితే నేనేం చెప్పను?” అన్నది.

“చదివినవాడి అక్క అని చెప్పండి.”

శంకువులు తొలగిపోయాయి. గొడుగు కింద యంత్రం పట్టుకొని ఇంజినీరమ్మ కూర్చుంది. మొదటి బండి అక్షరాల దాకా వేగంగానే వచ్చింది. చదివింది. చక్రాలు తడబడ్డాయి. లోపలివాడు తల బయటపెట్టి అటూ ఇటూ చూశాడు. హెచ్చరిక చదివినవాడు హెచ్చరిక వైపు చూడడు. అక్క అని చదివినవాడు మాత్రం అక్క కోసం వెతుకుతాడు. వెతికేవాడు వేగంగా పోలేడు. రెండో బండి, మూడో బండి అంతే. ఒక లారీ డ్రైవరు, “ఏ అక్కండీ? పెద్దక్కా, చిన్నక్కా?” అని కానిస్టేబులును అడుగుతూ నత్తలా కదిలాడు.

చివరకు ఒక బస్సు వచ్చింది. డ్రైవరు అక్షరాలు చదివి, ‘క’ మీద నిలబడిన మనిషిని చూశాడు. తొమ్మిదేళ్ళుగా తన బస్సులో మూడు స్టాపులు ఎక్కి దిగే మనిషే.

“ఏం పెద్దమ్మా, ఈ అక్క నువ్వేనా? దాటుతావా, దాటవా?”

“నువ్వు మనిషిలా నడిపితే దాటతా.”

“నువ్వు దాటితే నాకు ఒక టికెట్టు పోతుంది మరి!”

“నా నోరు కూడా పోతుంది, సంతోషించు.”

కానిస్టేబులు ఈల నోట్లో పెట్టుకొని, ఊదాలా వద్దా అని ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను ఈల తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరూ ఆపమనలేదు. బస్సు తనంతట తాను నెమ్మదించి, నెమ్మదించి, నిలిచింది. ఎదుటి వరుసలో బండ్లు కూడా, ఆమె మొహం కనబడినంత దూరంలో, ఒకదాని వెనక ఒకటి నిలిచాయి.

అక్కయ్య ‘క’ మీదినుంచి అడుగు తీసి రోడ్డు మీద పెట్టింది. గురువు. మరొకటి. గురువు. పద్దెనిమిదో అడుగు దగ్గర మోకాలు మొరాయించింది. పద్యంలో విశ్రమస్థానం ఎక్కడ ఉండాలో అక్కడే ఆగినట్టు, సరిగ్గా రోడ్డు నడుమ, కంచె కట్టాలనుకున్న చోట, ఆమె కర్ర ఆనించి ఊపిరి తీసుకున్నది. ఎవరూ హారన్ కొట్టలేదు. బస్సులోనివారు కిటికీలలోంచి తలలు బయటపెట్టి, మనసులో ఆమెతోపాటు నడుస్తున్నారు. ముప్ఫై ఆరో అడుగు తమ్ముడి ఇంటి మెట్టు మీద పడింది.

మరదలు గుమ్మంలో నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నది. కళ్ళలో నీళ్ళు, నోటిలో మాత్రం, “వచ్చారా వదినా? కాళ్ళు కడుక్కోండి. రోడ్డంతా మీ తమ్ముడి రంగు,” అని ఒక్క మాట.

“వంటింట్లో కుర్చీ వెయ్యవే,” అన్నది అక్కయ్య, లోపలికి వస్తూ.

మధ్యాహ్నానికి ఇంజినీరమ్మ లెక్క ముగించింది. అక్కయ్య దాటుతుండగా నిలిచిన బండ్లను ఆమె లెక్కలోకి తీసుకోలేదు. అవి నడిచినవి కావు గనుక కుదరదన్నది. అయినా వందకు ఎనభై ఎనిమిది ముప్ఫై లోపలే వచ్చాయి. ఆమె సంతకం పెట్టి, కలం మూసి, గీతలాయన ఇంటి వంటింట్లోనే అక్కయ్య పక్కన కూర్చొని టీ తాగింది. నెల తిరిగేసరికి కాగితం వచ్చింది: వేగం ముప్ఫై ఖాయం, కంచె రద్దు, అటువైపు వరుసలో పాత హెచ్చరిక తీసి అక్కడ కూడా కొత్త మాట రాయవలెను. ఆ కాగితం మీద ముద్రపడిన మాట చూసి గీతలాయన చాలాసేపు ముక్కాలిపీట మీదినుంచి లేవలేదు.

ఇక మిగిలినది మూతలను వాటి వాటి చోట్లకు చేర్చడం. కాలువవారు వచ్చారు. అక్కయ్య తన గుమ్మం ముందున్న మూత మీద కర్ర ఆనించి నిలబడింది.

“ఇది కదలదు. మా తమ్ముడు పారేసుకున్న అక్షరం. నా దగ్గరే భద్రంగా ఉంటుంది.”

“అక్కా, అది అక్కడ ఉండి ఏం చేస్తుందే? ఒక్క ‘క’కు అర్థం ఏముంది?” అని ఎదుటి గట్టునుంచి తమ్ముడు అడిగాడు.

“నీకేం తెలుసురా అర్థం! నేను మొదలుపెట్టేది ఇక్కడినుంచి,” అని, అటూ ఇటూ ఒకసారి చూసి, ‘క’ మీదినుంచి అడుగు తీసింది. బండ్లు నెమ్మదించాయి. గీతలాయన గుమ్మంలో నిలబడి, చిన్నప్పుడు గుణింతం అప్పజెప్పినట్టు, ఒకటి, రెండు, మూడు అని పైకే అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.